పాత స్విఫ్ట్‌ని ట్రాక్‌కి రెడీ చేద్దామా? డబ్బులు ముందు ఎక్కడ పెట్టాలో చూడండి

ఫోన్‌లో బెంచ్‌మార్క్ యాప్ మొదటిసారి రన్ చేస్తే వచ్చే స్కోరు వేరు, ఆగకుండా ఇరవైసార్లు రన్ చేశాక వచ్చే స్కోరు వేరు. ఎందుకో మన సైట్ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. చిప్ వేడెక్కుతుంది, వేడి బయటికి పోదు, థర్మల్ త్రాట్లింగ్ మొదలవుతుంది. కారుని రేస్ ట్రాక్ మీద తిప్పడం కూడా అచ్చం ఇలాంటిదే. ఒక్క ల్యాప్ ఏ కారైనా లాగేస్తుంది. ఐదో ల్యాప్‌లో కూడా మొదటి ల్యాప్‌లాగే ఆగగలదా, తిరగగలదా అన్నదే పరీక్ష. తేడా ఒక్కటే. ఫోన్ త్రాటిల్ అయితే గేమ్‌లో ఫ్రేమ్స్ పడిపోతాయి, కారు బ్రేకులు త్రాటిల్ అయితే మీరు గోడ దగ్గర ఉంటారు.

ఈ ఆర్టికల్‌కి తీసుకున్న కారు మొదటి తరం మారుతి స్విఫ్ట్ పెట్రోల్, అంటే 2005 మేలో వచ్చి, 2010 దాకా 1.3 లీటర్ ఇంజన్‌తో అమ్ముడైన మోడల్. 1298 సీసీ, 16 వాల్వులు, 87 హార్స్‌పవర్, 113 న్యూటన్ మీటర్ల టార్క్, బరువు వెయ్యి కిలోల పైచిలుకు. ఇప్పటి లెక్కల్లో ఇది పెద్ద పవర్ కాదు. కానీ బరువు తక్కువ, ఇంజన్ పైదాకా హాయిగా తిరుగుతుంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, పార్టులు ఆటోనగర్‌లో ఏ సందులో అడిగినా దొరుకుతాయి. ఈ 1.3 ఇంజన్నే మన దేశంలో ఫార్ములా ఎల్‌జీబీ రేసు కార్లలో పెట్టి ఏళ్ల తరబడి పరిగెత్తించారు. కాబట్టి ఇంజన్ గట్టిదనం గురించి అనుమానం అక్కర్లేదు. అనుమానం అంతా దాని చుట్టూ ఉన్న పాత కారు గురించే.

కొనేముందు కార్పెట్ ఎత్తండి

2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి. ఇళ్లతోపాటు వేల బళ్లు మునిగాయి. అలా మునిగిన కార్లలో కొన్ని శుభ్రంగా కడిగించుకుని, పాలిష్ కొట్టించుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తాయి. మామూలు వాడకానికే అలాంటి కారు తలనొప్పి, ట్రాక్‌కి అయితే అసలు పనికిరాదు.

కనిపెట్టడం కష్టం కాదు. సీట్ బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. మునిగిన కారైతే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తి వైరింగ్ కనెక్టర్లు చూడండి. రాగి పచ్చగా తిరిగి ఉంటే నీళ్లు తగిలినట్టే. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ పెట్టే గుంట కూడా చూడండి. బురద వాసన పోవడానికి సెంటు బాగా కొట్టిన కారు అయితే ఇంకాస్త ఎక్కువ చూడండి. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు తిరిగిన కారైతే ఉప్పుగాలికి కింద తుప్పు ఉంటుంది. ఫ్రంట్ స్ట్రట్ టవర్లు, వెనక యాక్సిల్ బీమ్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి. గట్టి ఇనుము మోగుతుంది, తుప్పు పట్టింది బొద్దుగా వినిపిస్తుంది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. నాలుగు సిలిండర్ల రీడింగుల మధ్య తేడా పది శాతం దాటితే బేరం ఆపేయండి, లేదా ఇంజన్ పని ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఆర్సీ కూడా చూడాలి. ఈ కార్లన్నీ పదిహేనేళ్లు దాటినవో, దాటబోతున్నవో. ఏపీ 16 నంబర్ చూసి మురిసిపోయే ముందు రెన్యూవల్ అయిందా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది అన్నది చూసుకోండి. రెన్యూవల్ ఐదేళ్లకి ఇస్తారు.

450 కిలోమీటర్ల షరతు

విజయవాడ కుర్రాళ్లకి దగ్గరలో ఉన్న పెద్ద సర్క్యూట్ చెన్నై అవతల శ్రీపెరంబుదూర్ దారిలో, ఇరుంగట్టుకోట్టైలో ఉంది. 3.7 కిలోమీటర్ల ట్రాక్, 1990 నుంచి నడుస్తోంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. ఒంగోలు, నెల్లూరు మీదుగా హైవేలో వెళ్తే 450 కిలోమీటర్ల పైమాటే. దారిలో రెడ్‌హిల్స్‌కి ముందు షోలవరం వస్తుంది. ఈ ట్రాక్ కట్టకముందు అక్కడి పాత ఎయిర్‌స్ట్రిప్ మీదే మద్రాసు రేసులు జరిగేవి. ఇక కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే మనకి ఇంకా దూరం.

ఈ దూరమే మన బిల్డ్ మొత్తాన్ని డిసైడ్ చేస్తుంది. కారుని ట్రక్కులో వేసుకుని వెళ్లే బడ్జెట్ మనకి ఉండదు. అదే కారు నడుపుకుంటూ వెళ్లాలి, తిప్పాలి, అదే కారులో ఇంటికి రావాలి. యూట్యూబ్‌లో చూసే విదేశీ బిల్డులు మనకి సూట్ కావు. చల్లగా ఉన్నప్పుడు పట్టని రేసింగ్ ప్యాడ్లు, ఏసీ పీకేసిన కారు, స్పీడ్ బ్రేకర్‌కి బొడ్డు తగిలే సస్పెన్షన్... ఇవన్నీ సూళ్లూరుపేట దాటేలోపే ఏడిపిస్తాయి.

బ్రేకులు: ఒక్కసారి తొక్కితే పది ఫోన్ బ్యాటరీలు

చిన్న లెక్క వేద్దాం. డ్రైవర్‌తో కలిపి కారు బరువు 1100 కిలోలు అనుకోండి. 140 స్పీడ్‌లో వచ్చి, మలుపు ముందు 60కి తగ్గించారు. ఆ మూడు సెకన్లలో బ్రేకులు మింగే ఎనర్జీ దాదాపు 6 లక్షల 80 వేల జూళ్లు. మీ చేతిలో ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో దాచుకునేది సుమారు 70 వేల జూళ్లు. అంటే ఒక్క బ్రేకింగ్‌లో పది ఫోన్ బ్యాటరీలు మూడు సెకన్లలో ఖాళీ చేసినంత వేడి, అందులో ఎక్కువ భాగం ముందున్న రెండు డిస్కుల మీదే. ల్యాప్‌లో ఇలాంటివి నాలుగైదు. వేడి పోవడానికి మధ్యలో టైమ్ ఉండదు.

ఇక్కడ కారు రెండు రకాలుగా చేతులెత్తేస్తుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు ఆగదు. ఇది ప్యాడ్ వేడెక్కి పట్టు పోవడం. రెండోది ఇంకా ప్రమాదం. పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. కాలిపర్‌లో ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయన్నమాట. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. మీ కాలి బలమంతా బుడగలు నొక్కడానికే సరిపోతుంది.

డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, అదే తేమ పీల్చుకుంటే ఆ లిమిట్ 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. ఈ మూడూ గాలిలోని తేమని పీల్చుకునే రకాలే. మన డెల్టా గాలి సంగతి తెలిసిందే కదా, ఉప్పు డబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి ముద్ద. మూడేళ్లుగా ఫ్లూయిడ్ మార్చని కారు సిటీలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఏ తేడా లేకుండా నడుస్తుంది. తేడా ట్రాక్ మీద మూడో ల్యాప్‌లో తెలుస్తుంది. అప్పుడు తెలిసి లాభం లేదు.

అందుకని ట్రాక్‌కి వెళ్లే వారం ముందు పాత ఫ్లూయిడ్ మొత్తం తీయించి, సీల్ విప్పని డబ్బాలోంచి డాట్ 4 లేదా 5.1 పోయించండి. షాపులో సగం వాడి మూత పెట్టిన డబ్బా వద్దు. ఒక మాట జాగ్రత్త: డాట్ 5 అని ఉన్నది సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉంది కదా అని కలపకూడదు. ముందు ప్యాడ్లు మంచి కంపెనీవి, ‘ఫాస్ట్ రోడ్’ రకం వేయించండి. చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టాలి, ఎందుకంటే 450 కిలోమీటర్లు హైవే ఉంది. వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్ కారుతోందా చూడండి. పాత స్విఫ్టుల్లో ఎవరూ పట్టించుకోని చోటు అది. వెనక కూడా డిస్క్ కన్వర్షన్ చేయిస్తామంటారు కొందరు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ముందు వెనక బ్రేకుల బ్యాలెన్స్ లెక్క తప్పితే మలుపు ముందు వెనక చక్రాలే ముందు లాక్ అయి కారు గిర్రున తిరుగుతుంది. ఈ బడ్జెట్‌లో అది వద్దనే నా సలహా.

టైర్లు

జెడ్ఎక్స్ఐలో వచ్చే సైజు 185/70 ఆర్14. చాలామంది 195/55 ఆర్15కి వెళ్తారు. దీని బయటి కొలత పాతదానికంటే 3 శాతం చిన్నది. అంటే స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుంది, గేరింగ్ కాస్త షార్ట్ అవుతుంది, పికప్ ఓ పిసరు మెరుగ్గా అనిపిస్తుంది. సైడ్‌వాల్ తగ్గింది కాబట్టి మలుపులో టైరు ఒరిగిపోదు. 17 అంగుళాల అల్లాయ్‌లు మాత్రం ఫోటోలకే. చక్రం బరువు పెరిగితే ఆ బరువుని తిప్పాలి, ఆపాలి, గుంతల్లో ఎత్తి దించాలి. 87 హార్స్‌పవర్ కారుకి అంత తీరుబడి లేదు.

ట్రెడ్ ఎంత ఉందో చూసి ఊరుకోకండి, సైడ్‌వాల్ మీద నాలుగంకెల తయారీ నంబర్ చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఐదారేళ్లు దాటిన టైరు మన ఎండకి గట్టిపడిపోయి ఉంటుంది, ట్రెడ్ నిండుగా ఉన్నా పట్టు ఉండదు.

ప్రెషర్ విషయంలో కొత్తవాళ్లు తెగ కన్ఫ్యూజ్ అవుతారు. పొద్దున 35 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ ఉన్న టైరు, లోపలి గాలి 75 డిగ్రీలకి చేరితే 36 దాకా వెళ్తుంది. కాబట్టి సెషన్ అయి లోపలికి రాగానే వేడి మీదే కొలవండి, నాలుగు టైర్లవీ నోట్ చేసుకోండి, పెరిగినంత తీసేయండి. సాయంత్రం హైవే ఎక్కేముందు చల్లారాక మళ్లీ కంపెనీ చెప్పిన ప్రెషర్‌కి నింపాలి. ఇది మర్చిపోతే తక్కువ గాలితో, ఫుల్ లగేజ్‌తో నెల్లూరు బైపాస్ మీద ఉంటారు.

వేడి సంగతి

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి 8 శాతం పలచన. ఇంజన్‌కి అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది, పవర్ కూడా దాదాపు అంతే. అంటే ఎండాకాలంలో మీ 87 హార్స్‌పవర్‌లో ఆరేడు ఎండకే పోతాయి. ఇప్పుడు చెప్పండి, బానెట్ కింద వేడిగాలి పీల్చే ‘కోన్ ఫిల్టర్’ పెడితే పవర్ పెరుగుతుందా? సౌండ్ పెరుగుతుంది. కంపెనీ పెట్టిన ఎయిర్ బాక్స్ బయటి గాలి తీసుకునేలా డిజైన్ చేసింది. అందులో కొత్త ఫిల్టర్ వేయడమే చవకైన అప్‌గ్రేడ్.

మన మెకానిక్కుల్లో ఒక పాత అలవాటు ఉంది: ఇంజన్ హీట్ అవుతుందంటే థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తారు. అది తీస్తే ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది, ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది. అసలు జబ్బు రేడియేటర్‌లో పేరుకున్న గార. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన ఫలితం. రేడియేటర్ మార్పించి, కొత్త థర్మోస్టాట్, కొత్త ప్రెషర్ క్యాప్, కొత్త హోస్ పైపులు వేయించి, కూలెంట్ పోయించండి. రేడియేటర్ క్యాప్ చిన్న వస్తువే కానీ సిస్టమ్‌లో ప్రెషర్ నిలబెట్టి మరిగే పాయింట్‌ని పైకి నెట్టేది అదే.

పెట్రోల్ పైపులు కూడా ఈ లిస్టులోనే కలపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2005 నాటి రబ్బరు పైపులు, సీల్స్ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పగుళ్లు కనిపిస్తే ఆలోచించకుండా మార్చేయండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చుక్కలంటే ఏమవుతుందో వివరించక్కర్లేదు.

ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీత దాకా ఉండాలి. పొడుగాటి మలుపులో ఆయిల్ అంతా సంపులో ఒక పక్కకి వెళ్లిపోతే, పంపు గాలి పీల్చి బేరింగులు ఎండుతాయి.

సస్పెన్షన్ గురించి తక్కువే చెబుతాను. ఇరవై ఏళ్ల కారుకి కొత్త షాకులు, కొత్త బుష్‌లు, కొత్త మౌంట్లు, సరైన వీల్ అలైన్‌మెంట్ చేయిస్తేనే వేరే కారులా ఉంటుంది. కింద కూర్చోవాలని స్ప్రింగు చుట్లు కోయించడం మాత్రం వద్దు. కోసిన స్ప్రింగు గుంతలో సీటు తప్పుతుంది. నల్లరేగడి మీద వేసిన మన డెల్టా రోడ్లు వానకి ఉబ్బి ఎండకి కుంగి అలల్లా ఉంటాయి, దానికి తోడు ఊరూరా స్పీడ్ బ్రేకర్లు.

ఇక హార్స్‌పవర్

ఈసీయూ రీమ్యాప్ అంటే కస్టమ్ రామ్ ఫ్లాష్ చేయడం లాంటిది. కానీ హార్డ్‌వేర్‌లో లేనిది సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదు. టర్బో లేని ఇంజన్‌కి రీమ్యాప్‌తో వచ్చేది నాలుగైదు శాతం, అదీ మంచి ట్యూనర్ చేతిలో. 2007లో వచ్చిన డీజిల్ స్విఫ్ట్‌కి టర్బో ఉంది కాబట్టి అక్కడ లాభం బాగా ఎక్కువ. కానీ ముందు భాగం బరువు, మలుపులో ఆ బరువు లాగడం, క్లచ్ మీద భారం... ట్రాక్ నేర్చుకోవడానికి పెట్రోలే మేలు.

దీనికంటే ఫ్రీగా వచ్చే పవర్ ఉంది. ట్రాక్‌కి చేరాక స్టెప్నీ, జాకీ, డిక్కీలో సబ్‌వూఫర్, లగేజ్ అంతా ప్యాడాక్‌లో దించేయండి. డ్రైవర్‌తో కలిపి 1080 కిలోల కారులో 40 కిలోలు తగ్గితే, 3 హార్స్‌పవర్ పెంచినంత లెక్క. పైగా బరువు తగ్గితే బ్రేకులకి, టైర్లకి కూడా పని తగ్గుతుంది. హార్స్‌పవర్ పెంచితే వాటికి పని పెరుగుతుంది. పది రూపాయల బడ్జెట్ ఉంటే నేనైతే నాలుగు పాత కారు రిపేర్లకి, మూడు టైర్లకి, రెండు బ్రేకులకి పెడతాను. మిగిలిన రూపాయి హెల్మెట్‌కి. ఇంజన్‌కి ఏం మిగల్లేదు కదా అంటారేమో, అవును.

ఆర్సీలో ఉన్నదే రోడ్డు మీద ఉండాలి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి, ఆర్సీకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణ తర్వాత, ఓనర్ చేసిన ఒక్కో మార్పుకి 5000 రూపాయల దాకా ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. వెనక సీటు శాశ్వతంగా పీకేయడం, వేరే ఇంజన్ వేయడం ఇందులోకి వస్తాయి. డప్పుల్లా మోగే సైలెన్సర్‌కి శబ్ద కాలుష్యం కింద 10 వేల దాకా వేరే ఉంది. పైన చెప్పిన బ్రేక్ ఫ్లూయిడ్, ప్యాడ్లు, కూలింగ్ పనులు వీటిలో దేని జోలికీ పోవు. టైరు సైజు మార్చేవాళ్లు మాత్రం ఆ మోడల్‌కి కంపెనీ ఒప్పుకున్న సైజో కాదో చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ కాగితం తీసి ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న పేరా చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అక్కడే మినహాయించి ఉంటాయి. ట్రాక్ మీద కారు తగిలితే ఖర్చు మీదే. అందుకే పోగొట్టుకుంటే తట్టుకోగల కారుతోనే వెళ్లాలి, నాన్నగారి కొత్త కారుతో కాదు.

అంత దూరం ఎందుకు, రాత్రి పన్నెండింటికి దుర్గ గుడి ఫ్లైఓవర్ ఖాళీగానే ఉంటుందిగా, కరకట్ట ఉందిగా అనే ఫ్రెండ్ ప్రతి గ్యాంగ్‌లోనూ ఒకడుంటాడు. ట్రాక్ మీద తప్పు చేస్తే పక్కన ఖాళీ స్థలం ఉంటుంది, జెండా ఊపే మార్షల్ ఉంటాడు, అంబులెన్స్ రెడీగా ఉంటుంది, ఎదురుగా ఎవరూ రారు. కరకట్ట మీద ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలంలోకి పల్లం, మధ్యలో లైటు లేని ట్రాక్టర్. పైన చెప్పిన పది ఫోన్ బ్యాటరీల లెక్క అక్కడా మారదు.

ఫోన్‌తో డేటా

మన వాళ్లకి అసలు మజా ఇక్కడే. రేస్‌క్రోనో, హ్యారీస్ ల్యాప్‌టైమర్ లాంటి యాప్‌లు ల్యాప్ టైమ్, స్పీడ్, మీరు వెళ్లిన లైన్ అన్నీ గీసి చూపిస్తాయి. కానీ చాలా ఫోన్ల జీపీఎస్ సెకనుకి ఒక్కసారే లొకేషన్ ఇస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర కారు సెకనుకి 28 మీటర్లు వెళ్తుంది. అంటే రెండు చుక్కల మధ్య 28 మీటర్లు. బ్రేక్ ఎక్కడ తొక్కారో ఆ డేటాలో కనపడదు. 10 హెర్ట్జ్ బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ పెడితే చుక్కల మధ్య 3 మీటర్లకంటే తక్కువ. అప్పుడు నిన్నటి మీకూ, ఇవాళ్టి మీకూ తేడా తెలుస్తుంది.

ఓబీడీ డాంగిల్ కొనేముందు ఆగండి. మన దేశంలో ఓబీడీ రూల్ 2010లో బీఎస్-4తో మొదలైంది. అంతకుముందు స్విఫ్ట్‌లో పోర్ట్ ఉన్నా చవక డాంగిల్‌తో మాట్లాడకపోవచ్చు. ఫ్రెండ్ డాంగిల్ పెట్టి టెస్ట్ చేశాకే కొనండి. ఫోన్‌ని అద్దం దగ్గర ఎండలో పెడితే అదే ముందు త్రాటిల్ అయి ఆరిపోతుంది, ఏసీ వెంట్ దగ్గర స్క్రూలతో బిగించిన మౌంట్‌లో పెట్టండి. చూషణ కప్పు మౌంట్ బ్రేకింగ్‌లో ఊడితే ఫోన్ వెళ్లేది మీ పెడల్స్ కిందకే.

ఆ రోజు

ఈశాన్య వానలు వెళ్లిపోయాక, జనవరి, ఫిబ్రవరిలో ప్లాన్ చేసుకోండి. ట్రాక్ డే అంటే పోటీ కాదు. పోటీకి ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ కావాలి, అది వేరే దారి. ముందురోజే చేరి నిద్రపోండి. మొదటి సెషన్‌లో టైమర్ ఆఫ్ చేసి జెండాల అర్థం, లైన్ నేర్చుకోండి. ఒక్కో సెషన్ నాలుగైదు ల్యాపులకి ఆపి, చివరి ల్యాప్ బ్రేక్ దాదాపు వాడకుండా మెల్లగా తిప్పి చల్లార్చండి. లోపలికి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, వేడి డ్రమ్ముకి షూ అతుక్కుంటుంది. గేర్‌లో పెట్టి చక్రానికి అడ్డం పెట్టండి.

పెడల్ మునుపటికంటే ఒక్క అంగుళం కిందకి దిగినా ఆ రోజుకి అంతే. ఇంకొక్క సెషన్ డబ్బులు కట్టేశాంగా అనుకోవద్దు. బయల్దేరేముందు వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి, ప్యాడ్ మందం చూడండి, స్టెప్నీ, జాకీ ప్యాడాక్‌లోంచి తిరిగి డిక్కీలోకి ఎక్కాయో లేదో చూసుకోండి. విజయవాడ ఇంకా 450 కిలోమీటర్లుంది.